రిపోర్టులో 'ఎన్‌డీ' అని వచ్చినంత మాత్రాన నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీ చెరువులోకి ఒక కాలువ కలుస్తుంది, అందులోకి ఇళ్ల మురుగూ వస్తుంది, పైన ఉన్న మందుల ఫ్యాక్టరీ నుంచి వదిలే నీళ్లూ వస్తాయని అనుమానం. ఒకరోజు తెల్లారేసరికి చేపలు తేలాయి. మూడు రోజుల తర్వాత ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కి ఇచ్చారు. అన్నిటికీ ఎదురుగా 'ఎన్‌డీ', అంటే నాట్ డిటెక్టెడ్ అని వచ్చింది. టీడీఎస్ కూడా మామూలుగానే ఉంది. చచ్చిన చేపలు నాలుగు ఫ్రీజర్‌లో దాచారు. నీళ్లు శుభ్రంగా ఉన్నట్టేనా, చేపల్లో మందులున్నాయో లేదో ఎలా తెలుస్తుంది, పరీక్ష కిట్లు పనికొస్తాయా అన్నవి మీ ప్రశ్నలు.

శుభ్రంగా ఉన్నట్టు కాదండి. అలాగని విషం ఉన్నట్టూ కాదు. ఆ రిపోర్టు అటూ ఇటూ ఏమీ చెప్పలేదు, అంతే. నీళ్లలో, చేపల్లో మందుల అవశేషాలు, పురుగుమందులు వెతకడమే నా పని, చాలా ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. నేను చూసినంతలో తప్పు మెషీన్ దగ్గర జరిగేది తక్కువ. సీసా దగ్గర జరుగుతుంది, లేకపోతే ల్యాబ్‌ని మనం ఏం వెతకమని అడిగామో అక్కడ జరుగుతుంది. మీ విషయంలో రెండూ జరిగాయి. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీ ఫ్రీజర్‌లో ఉన్న ఆ నాలుగు చేపల్ని ఇంకా సరిగ్గా వాడుకోవచ్చు.

ముందు టీడీఎస్ సంగతి తేల్చేద్దాం. ఆ మీటరు నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో కొలిచి, దాన్నిబట్టి కరిగిన లవణాలు ఎన్ని ఉంటాయో లెక్క చూపిస్తుంది. ఆ అంకె లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మందుల అవశేషాలు సాధారణంగా ఉండేది లీటరుకు నానోగ్రాముల్లో, బాగా ఎక్కువైతే మైక్రోగ్రాముల్లో. మిల్లీగ్రాములో పది లక్షల వంతు ఒక నానోగ్రాము. మీటరు మీద 300 అని చూపిస్తుంటే అందులో ఈ మందు వాటా ఎక్కడా ఆనదు, పైగా చాలా మందులు కరెంటును మోసే రకమే కాదు. కాబట్టి మందుల విషయంలో టీడీఎస్ చూడనట్టే లెక్క.

ఇక ఎన్‌డీ. ఈ రెండక్షరాలకు అసలు అర్థం 'లేదు' అని కాదు. 'మేము వెతికిన పేర్లలో, మా పద్ధతి చూడగలిగిన మేరకు, మీరు తెచ్చిన ఈ సీసాలో కనపడలేదు' అని. పక్కనే ఎల్‌ఓడీ, ఎల్‌ఓక్యూ అని ఇంకో కాలమ్ ఉండాలి. ఎంత కంటే తక్కువైతే తమకు కనపడదో, ఎంత కంటే తక్కువైతే నమ్మకంగా కొలవలేరో ఆ కాలమ్ చెప్తుంది. అది లేని రిపోర్టుని అసలు తీసుకోకండి, రాసివ్వమని అడగండి.

ఆ కాలమ్ ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెప్తాను. గర్భనిరోధక మాత్రల్లో ఇథినైల్ ఎస్ట్రడయోల్ అనే హార్మోను ఉంటుంది. కెనడాలోని ఒంటారియోలో పరిశోధనలకే కేటాయించిన సరస్సులు కొన్ని ఉన్నాయి, అందులో ఒకదానిలో 2001 నుంచి 2003 వరకు ఏటా ఈ హార్మోనుని లీటరుకు 5, 6 నానోగ్రాములు ఉండేలా కలుపుతూ వచ్చారు. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపల్లో మగవాటి ఒంట్లో గుడ్డు పచ్చసొనకు కావాల్సిన ప్రొటీన్ తయారవడం మొదలైంది, తర్వాత సంతతి కుప్పకూలి ఆ సరస్సులో ఆ చేప దాదాపు లేకుండా పోయే దాకా వచ్చింది. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. ఇప్పుడు ఒక రిపోర్టులో ఇదే హార్మోనుకి ఎల్‌ఓడీ లీటరుకు 1 మైక్రోగ్రాము అని రాసి, ఎదురుగా ఎన్‌డీ అని ఉందనుకోండి. 1 మైక్రోగ్రాము అంటే 1000 నానోగ్రాములు. ఒక సరస్సులో చేపల్ని తుడిచిపెట్టిన మోతాదుకి దాదాపు రెండు వందల రెట్లు ఉంటే తప్ప ఆ ల్యాబ్ కంటికి కనపడదన్న మాట. ఆ ఎన్‌డీని పట్టుకుని ఎవరైనా ధైర్యంగా ఎలా ఉండగలరు?

రెండోది, వెతికిన పేర్లు. ల్యాబ్ తన జాబితాలో ఉన్న రసాయనాలనే వెతుకుతుంది. మామూలు నీటి పరీక్ష ప్యాకేజీలో లోహాలు, నైట్రేట్, ఫ్లోరైడ్, కొన్ని పాత పురుగుమందులు ఉంటాయి. మందుల పేర్లు సాధారణంగా ఉండవు. మీ రిపోర్టులో అసలు ఒక్క మందు పేరైనా ఉందా చూడండి, నాకైతే అనుమానమే.

జాబితా ఎంత పెద్దదైనా ఒక్కోసారి చాలదు. అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి వచ్చే కోహో సాల్మన్ చేపలు వాన పడ్డ కొన్ని గంటల్లోనే చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి లోహాలు చూశారు, పురుగుమందులు చూశారు, రోగాలు చూశారు, ఏదీ కాదని తేలింది. చివరికి టైరు రబ్బరు పొడిని నానబెట్టిన నీళ్లని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్ని చేపల మీద పరీక్షించి, చంపుతున్న భాగాన్ని మళ్లీ విడదీసి, అలా రెండు వేలకు పైగా రసాయనాల్లోంచి ఒక్కదాని దగ్గరికి వచ్చారు. టైరు పగుళ్లివ్వకుండా కలిపే 6పీపీడీ అనే పదార్థం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారిన రూపం అది, 6పీపీడీ-క్వినోన్ అంటారు. ఇది 2020 డిసెంబరులో బయటపడింది. అంతవరకూ రొటీన్ పరీక్షల్లో ఎక్కడా ఆ పేరు లేదు. ఆ వాగు నీళ్లకి అంతకుముందు వచ్చిన ఎన్‌డీలన్నీ నిజాయితీగా ఇచ్చినవే, కానీ చేపలు చస్తూనే ఉన్నాయి. అందుకే ఏం వెతకాలో తెలియనప్పుడు నాన్-టార్గెట్ స్క్రీనింగ్ అనేది ఒకటుంది, హై రిజల్యూషన్ మాస్ స్పెక్ట్రోమీటర్ మీద చేస్తారు. పేర్లు ముందే పెట్టుకోకుండా, శాంపిల్‌లో ఉన్న అణువుల బరువులు అతి కచ్చితంగా రికార్డు చేసి, తర్వాత ఏది ఏమిటో తేలుస్తారు. ఆ డేటా దాచి ఉంచితే రెండేళ్ల తర్వాత కొత్త అనుమానం వచ్చినా వెనక్కి వెళ్లి వెతుక్కోవచ్చు.

అయితే ఒక మాట. చేపలు తెల్లవారేసరికి తేలాయి అని చదవగానే నాకు మొదట తట్టింది మందులు కాదు, ఆక్సిజన్. మురుగు చేరే చెరువులో నాచు విపరీతంగా పెరుగుతుంది, పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే పీల్చుకుంటుంది, తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే కిందికి పడితే చాలా చేపలు తట్టుకోలేవు. అలాంటప్పుడు చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుచుకుంటూ కనపడతాయి, సాధారణంగా పెద్దవి ముందు పోతాయి. అదే చిన్నా పెద్దా తేడా లేకుండా, రొయ్యలూ పీతలూ నీటి పురుగులూ కూడా ఒకేసారి పోతే పురుగుమందు లాంటిదాని మీదికి అనుమానం వెళ్తుంది. అమ్మోనియాని కూడా మర్చిపోవద్దు. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో చేపకి విషమయ్యే రూపం ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 9కి వెళ్తే మూడో వంతు దాటుతుంది. మధ్యాహ్నం నాచు పీహెచ్‌ని పైకి లాగుతుంది కాబట్టి ఒకే చెరువు ఉదయం ఒకలా, సాయంత్రం ఇంకోలా ఉంటుంది. ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత ఈ మూడూ అక్కడికక్కడ చెరువు దగ్గరే కొలవాలి. సీసాలో పట్టుకెళ్లి మర్నాడు కొలిస్తే అది చెరువు గురించి కాదు, సీసా గురించి చెప్తుంది.

ఇప్పుడు ఆ సీసా గురించే. మూడు రోజుల తర్వాత పట్టిన నీళ్లు మూడు రోజుల తర్వాతి నీళ్లే. చంపినది ఏదైనా కాలువలో కొట్టుకుపోయి ఉండొచ్చు, ఎండకి విరిగిపోయి ఉండొచ్చు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు లాంటివి ఎండ తగిలితే త్వరగా విరిగిపోతాయి. కార్బమజెపిన్ అనే మూర్ఛ మందు మొండిది, మురుగు శుద్ధి చేసినా చాలావరకు అలాగే ఉంటుంది, అందుకే దాన్ని మనుషుల మురుగుకి గుర్తుగా వాడతాం. కెఫీన్ కూడా అలాంటి గుర్తే, అది కనపడితే సరిగ్గా శుద్ధి కాని ఇళ్ల మురుగు తాజాగా చేరుతోందని అనుకోవచ్చు. మీరు వాడినది కూల్‌డ్రింక్ సీసా. అది కోలా సీసా అయి ఉంటే, ఎంత కడిగినా అడుగున మిగిలిన చుక్కలో ఉన్న కెఫీన్ లీటరుకు నానోగ్రాములు కొలిచే మెషీన్‌కి చాలా పెద్ద లెక్క.

మందుల కోసమైతే ముదురు గోధుమ రంగు గాజు సీసా, మెథనాల్‌తో కడిగి ఆరబెట్టింది తీసుకోవాలి. పట్టిన వెంటనే ఐసులో పెట్టి, వీలైతే ఆ రోజే ల్యాబ్‌కి చేర్చాలి. క్లోరిన్ కలిపిన నీళ్లయితే సోడియం థయోసల్ఫేట్ వేసి క్లోరిన్‌ని ఆపాలి, లేకపోతే దారిలోనే మందుని తినేస్తుంది. లోహాలకి వేరే సీసా, దాంట్లో నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కంటే కిందికి తేవాలి. పీఫాస్ రసాయనాలకి, అంటే నాన్‌స్టిక్ పూతల్లాంటి వాటిలో వాడే, ఓ పట్టాన విరగని ఫ్లోరిన్ రసాయనాలకి, గాజు, టెఫ్లాన్ మూతలు వద్దు, పాలీప్రొపిలీన్ సీసా కావాలి. అంటే ఒకే సీసాతో అన్నీ చూడటం కుదరదు. ఏం వెతుకుతున్నారో ముందు ల్యాబ్‌తో మాట్లాడుకుని, సీసాలు వాళ్ల దగ్గరే తీసుకుని వెళ్లండి.

చేతుల సంగతి కూడా చెప్పాలి. ఒకసారి మా శాంపిళ్లన్నిటిలో డైక్లోఫెనాక్ వచ్చింది. కాలువ కలవకముందు వచ్చింది, కలిశాక వచ్చింది, ఆఖరికి ఫీల్డ్ బ్లాంక్‌లో కూడా వచ్చింది. ఫీల్డ్ బ్లాంక్ అంటే ల్యాబ్ నుంచి తీసుకెళ్లిన శుద్ధమైన నీళ్లని చెరువు గట్టు మీదే మూత తీసి ఇంకో సీసాలోకి పోసి, మిగతావాటితో పాటే వెనక్కి తెచ్చేది. అందులో మందు ఉండే దారే లేదు. అందర్నీ కూర్చోబెట్టి అడిగితే, మాలో ఒకాయన పొద్దున్నే నడుంనొప్పికి జెల్ రాసుకుని, చేతులు తుడుచుకుని వచ్చారని తెలిసింది. గ్లోవ్స్ వేసుకున్నారు, కానీ అదే చేత్తో గ్లోవ్స్ బయటివైపు పట్టుకుని తొడుక్కున్నారు. వారం పని మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ ఒక్క బ్లాంక్ సీసా లేకపోయి ఉంటే చెరువు నిండా డైక్లోఫెనాక్ ఉందని రాసేసేవాళ్లం, ఎవరి మీదో నేరం మోపేవాళ్లం. అప్పటి నుంచి బ్లాంక్ లేని శాంపిల్ సెట్‌ని నేను ముట్టుకోను. దోమల క్రీము, సన్‌స్క్రీన్, కాఫీ ఫ్లాస్కు ఏవీ ఆ దగ్గరికి రానివ్వను.

సరే, చేపల దగ్గరికి వద్దాం. నీళ్లు ఆ క్షణం సంగతి చెప్తాయి, చేప గడిచిన రోజులది చెప్తుంది. మిథైల్ మెర్క్యురీ (పాదరసం మారిన ఒక రూపం) లాంటివి నీళ్లలో దాదాపు కొలవలేనంత తక్కువ ఉన్నా, వేటాడే చేప కండలోకి వచ్చేసరికి లక్షల రెట్లు పేరుకుంటాయి. జపాన్‌లో 1956లో వెలుగులోకి వచ్చిన మినమాటా జబ్బు అలా చేపల నుంచే మనుషులకి వచ్చింది. అది కండలోని ప్రొటీన్‌కి అతుక్కుంటుంది కాబట్టి కొవ్వు తీసేసినా, ఉడికించినా పోదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన పీసీబీల లాంటివి కొవ్వులో ఉంటాయి, చర్మం, కొవ్వు తీసేస్తే కొంత తగ్గుతాయి. మందులు చాలావరకు కండలో తక్కువే ఉంటాయి. కాలేయం, పైత్యరసం, కొన్నింటికైతే మెదడు, అక్కడ వెతకాలి. పిత్తాశయం అంటే ఆకుపచ్చగా, చిన్న సంచిలా కాలేయానికి అంటుకుని ఉండేది, చేప ఒంట్లోంచి మందుల్ని బయటికి పంపే ముందు అక్కడ పోగేస్తుంది. అది చిట్లితే పనంతా పాడవుతుంది, చుట్టూ ఉన్న కండకి కూడా అంటుకుంటుంది.

ఇంకో చిక్కు, చేప ఒంట్లో మందు అదే పేరుతో ఉండదు. చెరువుల్లో బూజు తెగులుకి వాడే మలకైట్ గ్రీన్ చేప ఒంట్లో ల్యూకో మలకైట్ గ్రీన్‌గా మారి, రంగు లేకుండా కొవ్వులో చాలాకాలం ఉంటుంది. నైట్రోఫ్యూరాన్ యాంటీబయాటిక్స్ అయితే ఇంకా విచిత్రం. అసలు మందు గంటల్లో మాయమైపోతుంది, దాని ముక్కలు కండ ప్రొటీన్‌కి అతుక్కుని వారాల తరబడి ఉంటాయి. వాటిలో ఒకటైన ఫ్యూరజోలిడోన్ ముక్కని ఏఓజెడ్ అంటారు. దాన్ని బయటికి తీయాలంటే కండని పలచటి యాసిడ్‌లో, నైట్రోబెంజాల్డిహైడ్ కలిపి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. అలా చేయకుండా 'ఫ్యూరజోలిడోన్ ఎన్‌డీ' అని ఇచ్చిన రిపోర్టుకి విలువ లేదు. అలాగే దీనికి వ్యతిరేక దిశలో పొరపాటూ ఉంది. అదే కుటుంబంలోని నైట్రోఫ్యురజోన్‌కి గుర్తుగా చూసే సెమీకార్బజైడ్ రొయ్యలు, పీతల పెంకుల్లో సహజంగానే రావొచ్చు, కొన్ని రకాల సీసా మూతల రబ్బరు నుంచీ రావొచ్చు. అది కనపడగానే రైతు మందు వాడాడనడం అన్యాయం. చేపకి ఫార్మాలిన్ పూశారా అని చూసే పట్టీలదీ ఇదే కథ, కొన్ని సముద్రపు చేపల్లో నిల్వ ఉన్నప్పుడు ఫార్మాల్డిహైడ్ దానంతటదే పుడుతుంది.

కిట్ల గురించి అడిగారు. యాంటీబాడీతో మందుని పట్టుకునే ఎలీసా కిట్లు మంచివే, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ లాంటివాటికి తొందరగా, తక్కువ శ్రమతో వడపోత చేస్తాయి. కానీ కిట్‌లోని యాంటీబాడీ పోలికున్న ఇంకో అణువునీ పట్టుకోవచ్చు. కిట్‌లో పాజిటివ్ వస్తే అది అనుమానమే, నిర్ధారణ ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ మీద, అంటే శాంపిల్‌ని విడదీసి అణువుల్నీ వాటి ముక్కల్నీ బరువుని బట్టి గుర్తుపట్టే మెషీన్ మీద జరగాలి. యూరోపియన్ యూనియన్‌లో 2022 నవంబరు నుంచి క్లోరాంఫెనికాల్‌కి హద్దు కిలోకి 0.15 మైక్రోగ్రాములు, మలకైట్ గ్రీన్‌కీ నైట్రోఫ్యూరాన్ ముక్కలకీ 0.5 మైక్రోగ్రాములు. ఆ స్థాయికి మీరిచ్చే ల్యాబ్ దిగగలదా అని ముందే అడగండి.

ఆ మెషీన్ ముందు జరిగే పనిలో మీరు అడగాల్సింది ఒక్కటుంది. చేప కొవ్వు, ప్రొటీన్ మెషీన్‌లోకి కూడా వెళ్లి మందు సిగ్నల్‌ని అణిచేస్తాయి. ఉన్నది సగమే ఉన్నట్టు, ఒక్కోసారి అసలు లేనట్టే చూపిస్తుంది. దీనికి విరుగుడుగా అదే మందుని, డ్యుటీరియంతోనో (బరువైన హైడ్రోజన్) కార్బన్-13తోనో (బరువైన కార్బన్) కాస్త బరువు పెంచి తయారుచేసిన రూపాన్ని, పని మొదలుపెట్టేటప్పుడే తెలిసిన మోతాదులో కలుపుతారు. అది ఎంత పోతే అసలుది అంత పోయినట్టు, దాన్ని బట్టి లెక్క సరిచేస్తారు. 'ఐసోటోప్ ఇంటర్నల్ స్టాండర్డ్ వాడారా, రికవరీ ఎంత వచ్చింది' అని అడగండి. రికవరీ, అంటే కలిపినదాంట్లో తిరిగి దొరికింది, 70 నుంచి 120 శాతం మధ్య చెప్తే సరే. సమాధానం చెప్పడానికి ఇష్టపడకపోతే ఇంకో ల్యాబ్ చూసుకోండి. ఇంకా, చేప ఫలితం తడి బరువు మీదా ఎండు బరువు మీదా అన్నది చూడండి. చేప కండలో దాదాపు 75 నుంచి 80 శాతం నీళ్లే కాబట్టి రెండిటికీ నాలుగైదు రెట్లు తేడా వస్తుంది, దీన్ని చూసుకోక అనవసరంగా టెన్షన్ పడినవాళ్లున్నారు.

కనపడితే మాత్రం ఎంతవరకు భయపడాలి? ఒక లెక్క వేద్దాం. లీటరుకు 100 నానోగ్రాముల మందు ఉన్న నీళ్లు రోజుకి రెండు లీటర్ల చొప్పున 70 ఏళ్లు తాగితే ఒంట్లోకి వెళ్లేది సుమారు 5 మిల్లీగ్రాములు. ఒక 500 మిల్లీగ్రాముల మాత్రలో నూరో వంతు. చాలా మందుల విషయంలో మనిషికి ఇది పెద్ద ముప్పు కాదు. కానీ రోజంతా ఆ నీళ్లలోనే ఊపిరి తీసుకునే చేపకి ఈ లెక్క పనికిరాదు, హార్మోన్లకీ పనికిరాదు, అతి తక్కువ మోతాదుకే బ్యాక్టీరియాకి మొండితనం నేర్పే యాంటీబయాటిక్స్‌కీ పనికిరాదు. ఫ్యాక్టరీ వ్యర్థాలైతే అంకెల స్థాయే వేరు. పటాన్‌చెరు దగ్గర మందుల పరిశ్రమల వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో ఒక పరిశోధన చూపించింది. నానోగ్రాములు కాదు, మిల్లీగ్రాములు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఆ స్థాయిలో వదిలే చోట జాగ్రత్తగా వెతికితే దొరకకుండా పోదు.

ఇక మీరు చేయాల్సింది. ఆ నాలుగు చేపల్ని కరిగించకండి, మళ్లీ మళ్లీ బయటికి తీయకండి. అవి తేలిన ఎన్ని గంటలకి తీశారో, అప్పటికే కుళ్లాయా, కళ్లు మొప్పలు ఎలా ఉన్నాయో గుర్తున్నంతా ఇప్పుడే రాసిపెట్టండి. ఒక్కోదాన్ని అల్యూమినియం ఫాయిల్‌లో విడిగా చుట్టి ఐసులోనే ల్యాబ్‌కి చేర్చండి. లోహాలో పీఫాసో చూడాలంటే ఒకదాన్ని ఫాయిల్ లేకుండా శుభ్రమైన పాలిథీన్ కవరులో ఉంచండి. మూడు ఇవ్వండి, ఒకటి దాచుకోండి, రేపు ఫలితం మీద గొడవ వస్తే రెండో ల్యాబ్‌కి ఇవ్వడానికి అదొక్కటే ఆధారం. కండ, కాలేయం, పైత్యరసం వేర్వేరుగా చూడమని చెప్పండి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు అనుమానం ఉంటే మెదడులో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో చూడమనండి. మందు నీళ్లలోంచి వెళ్లిపోయినా ఆ ఎంజైమ్ దెబ్బతిన్న గుర్తు మెదడులో కొన్నాళ్లు ఉంటుంది. పోల్చడానికి అదే జాతి ఆరోగ్యమైన చేప వేరే చెరువు నుంచి కావాలి, అది లేకపోతే ఆ అంకెకి అర్థం ఉండదు.

దాంతోపాటు కాలువ చెరువులో కలిసే చోటా, కాలువ మొదట్లో ఫ్యాక్టరీకి ఎగువనా అడుగు బురద పైపొర రెండు మూడు సెంటీమీటర్ల మందాన తీయించండి. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు నీళ్లలో కంటే బురదకి అతుక్కుని ఉంటాయి, మూడు రోజులు కాదు, మూడు నెలల తర్వాత కూడా అక్కడ దొరికే అవకాశం ఉంది. నీళ్లని మళ్లీ పరీక్షించాలనుకుంటే ఒక్కసారి సీసా ముంచి తీయడం కంటే, మందుల్ని నెమ్మదిగా పీల్చుకునే పాసివ్ శాంప్లర్‌ని కాలువలో రెండు మూడు వారాలు వేలాడదీయించడం మేలు, ఎందుకంటే రాత్రి రెండింటికి ఎవరైనా వదిలినా అది పట్టుకుంటుంది. పాత రిపోర్టులోని పేర్ల జాబితా, ఎల్‌ఓక్యూ కాలమ్ ఫొటో తీసి పంపండి, అందులో ఏయే మందులు కలపమని అడగాలో చూసి రాస్తాను.